నోమ్ పట్టణమునకు మందు మోసిన కుక్కల బండ్లు

బండి యనగానే మనకు ఎద్దులు జ్ఞప్తికి వచ్చును. ఎడారివాసులకు ఒంటె, కొండవాసులకు కంచరగాడిద ఎట్టివో, ఉత్తర ధ్రువమునకు సమీపమున నివసించు ప్రజలకు కుక్క అట్టిది. సంవత్సరములో సగము కాలము నేలయు, నదియు, సముద్రపు అంచును మంచుతో కప్పబడి ఒకటే తెల్లని బయలుగా కనబడు ఆ సీమలలో చక్రము తిరుగదు, ఎద్దు నడువదు, ఓడ కదలదు. అచ్చట తరతరములుగా మనుష్యులను, వారి తిండిని, ఉత్తరములను మోసినది కుక్కలు లాగు స్లెడ్జి బండియే.

ఈ వ్యాసములో ఆ బండి ఎట్లు నడచునో మొదట తెలిసికొందము. పిమ్మట 1925వ సంవత్సరపు శీతకాలమున అలాస్కాలో జరిగిన ఒక ప్రయాణమును అంచె యంచెగా అనుసరింతము. ఆ ప్రయాణమును గూర్చి లోకమునకు బాగుగా తెలిసినది ఒక్క కుక్క పేరు. నిజమునకు అందు 20 మంది మనుష్యులును, సుమారు 150 కుక్కలును పాల్గొన్నవి. పని యెట్లు పంచబడెనో, కీర్తి యెట్లు పంచబడెనో రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

బండి నిర్మాణము

స్లెడ్జికి చక్రములు లేవు. వానికి మారుగా క్రింద రెండు పొడవైన పట్టెలుండును. అవి ముందు కొనలయందు పైకి వంగి, మంచుమీద జారుచు పోవును. అలాస్కాలోని పాత బండ్లను తేలికయు గట్టిదియు నగు కొయ్యతో చేసి, కీళ్ళను తోలు వార్లతో బిగించెడివారు. మేకులతో బిగించిన బండి గతుకులలో పగులును. వార్లతో కట్టినది కొంత వంగి, మరల నిలుచును. సరకును బండి నడుమ ఉంచి, గట్టిగా కట్టుదురు. సారథి వెనుక ఆ పట్టెలమీదనే రెండు పాదములు మోపి, పిడిని పట్టుకొని నిలుచును. ఎత్తు వచ్చినచో దిగి బండిని నెట్టును. చలి మిక్కుటమైనచో శరీరమునకు వేడి కలుగుటకై ప్రక్కన పరుగెత్తును. కనుక స్లెడ్జి ప్రయాణమనగా కూర్చుండి పోవు సవారి కాదు. కుక్కలతోపాటు మనుష్యుడును శ్రమింపవలసినదే.

మన ఎడ్లబండికిని దీనికిని ముఖ్యమైన భేదమొకటి కలదు. ఎద్దుకు ముకుత్రాడు కలదు, పగ్గము కలదు. కుక్కల బండికి అవి రెండును లేవు. సారథి చేతిలో ఉన్నది అతని కంఠస్వరము మాత్రమే. ఆంగ్లము మాటాడు సారథులు కుడికి తిరుగుటకు ‘జీ’ అనియు, ఎడమకు తిరుగుటకు ‘హా’ అనియు, ఆగుటకు ‘వో’ అనియు పలుకుదురు. బండిని నిలుపుటకు వెనుక కాలితో త్రొక్కు గోళ్ళపలక యొకటియు, నిలిపిన బండి కదలకుండ మంచులో దిగవేయు ఇనుప కొక్కెమొకటియు నుండును. ఓడకు లంగరు ఎట్టిదో దీనికి ఆ కొక్కెము అట్టిది.

కుక్కలను కట్టు విధము

అడవుల గుండ పోవు ఇరుకు బాటలలో కుక్కలను జంటలుగా కట్టుదురు. బండినుండి ఒక పొడవైన మోకు ముందునకు సాగును. దానికి ఇరుప్రక్కల కుక్కల జంటలుండును. ప్రతి కుక్క మెడకును రొమ్మునకును ఒక మెత్తని పట్టా తొడిగి, దాని చివరను మోకుతో కలుపుదురు. చెట్లు లేని గ్రీన్‌లాండు మంచు బయళ్ళలో మరియొక పద్ధతి కలదు. అచ్చట ప్రతి కుక్కకును వేరువేరు త్రాడు. అవి విసనకర్ర ఆకారమున విచ్చుకొని పరుగెత్తును. మంచులో పగులు వచ్చినచో ఒక్కొక్క కుక్కయు తన త్రోవను తాను చూచుకొనుటకు అది అనుకూలము.

జంటలుగా కట్టినప్పుడు ప్రతి స్థానమునకును వేరు పని కలదు. అందరికంటె ముందున్నది నాయక శునకము. సారథి మాటను విని అర్థము చేసికొని త్రిప్పవలసినది అదియే. దాని వెనుకనున్న జంట మలుపులలో మొత్తము వరుసను బాటమీదికి మరల్చును. మధ్యనున్నవి ప్రధానముగా బరువు లాగునవి. బండికి మిక్కిలి దగ్గరగా నుండు జంటకు బలము ఎక్కువ కావలెను. బండి చెట్టుకు తగులకుండ, మలుపున బోల్తాపడకుండ చూచునవి అవియే. మన బండికి వలపటి ఎద్దును దాపటి ఎద్దును ఎట్లు ఏరికోరి కట్టుదురో, అట్లే ఇచ్చటను ఏ కుక్క ఎచ్చట తగునో నిర్ణయించుటకు సారథికి ఏండ్ల అనుభవము కావలెను.

నాయక శునకమునకు మరియొక గుణము వలయును. అది మాట వినునదియే కాదు, అవసరమైనచో వినకుండ నిలువగలదియు కావలెను. గడ్డకట్టిన నదిమీద మంచు ఒకచోట పలుచనై యుండవచ్చును. వెనుకనున్న సారథికి తుపానులో అది కనబడదు. పాదములకు తడి తగిలిన నాయక శునకము ‘ముందుకు’ అను ఆజ్ఞ వచ్చినను కదలదు. అనుభవజ్ఞుడైన సారథి అట్టి వేళ కుక్కను కోపింపక, దిగి చూచును. విధేయతయు వివేకమును కలసినప్పుడే ఆ బండి సురక్షితము.

హస్కీ జాతి

స్లెడ్జి కుక్కలలో సైబీరియా హస్కీ ప్రసిద్ధమైనది. ఈ జాతిని పెంచినవారు ఈశాన్య సైబీరియాలోని చుక్చీ ప్రజలు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ కుక్కలు బేరింగు జలసంధిని దాటి అలాస్కాకు వచ్చినవి. అప్పటికి అలాస్కాలో వాడుకలోనున్న కుక్కలు పెద్దవి, బరువైనవి. చిన్నవిగా నున్న ఈ క్రొత్త కుక్కలను చూచి మొదట కొందరు నవ్విరి. కాని 1910లో నోమ్‌లో జరిగిన పెద్ద పందెమున సైబీరియా కుక్కల బండియే గెలిచెను. బరువు సుమారు 16 మొదలు 27 కిలోల వరకు మాత్రమే ఉన్నను, అలసట లేక దీర్ఘకాలము పరుగెత్తుట వీని విశేషము.

చలిని తట్టుకొనుటకు ప్రకృతి వీనికి మంచి సాధనముల నొసగినది. రోమములు రెండు పొరలు: లోపల దట్టమైన మెత్తని ఉన్నివంటి పొర, పైన మంచును నీటిని ఆపు పొడవైన వెండ్రుకలు. నిద్రించునప్పుడు ఇవి ముడుచుకొని, గుబురుగా నున్న తోకను ముక్కుమీద కప్పుకొనును. పాదములలో వేడి రక్తము తెచ్చు నాళములును, చల్లబడిన రక్తము తీసికొనిపోవు నాళములును దగ్గరగా నుండుటచే వేడి వృథా కాక, తిరిగి లోపలికే చేరును. ఇన్ని ఉన్నను పాదములకు మంచు పలుకులు గ్రుచ్చుకొనును. అందుచేత దూరప్రయాణములలో నాలుగు పాదములకును గుడ్డతొడుగులు కట్టుదురు. దీర్ఘమైన పందెములలో ఒక్కొక్క కుక్కకు దినమునకు సుమారు 10,000 కేలరీల ఆహారము కావలెను. అందులో కొవ్వు భాగము హెచ్చు. నలుగురు మనుష్యులు తిను ఆహారపు శక్తి ఒక్క కుక్కకు వలసియుండుననుట చూడగా ఆ శ్రమ ఎట్టిదో ఊహింపవచ్చును.

మనుష్యునకును ఈ కుక్కలకును గల స్నేహము నిన్న మొన్నటిది కాదు. సైబీరియాకు ఉత్తరమున ఝొఖోవ్ అను ద్వీపమున త్రవ్వకములలో దొరకిన ఎముకలు, స్లెడ్జి భాగములు, వానిపై 2020లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన సుమారు 9,500 సంవత్సరముల క్రిందటనే అచ్చట స్లెడ్జి కుక్కలుండెనని తెలుపుచున్నవి.

మూతపడిన రేవులో కంఠసర్పి

ఇక ప్రయాణ వృత్తాంతమునకు వత్తము. అట్లాసులో అలాస్కా పటమును తెరచినచో, పడమట బేరింగు సముద్రతీరమున నోమ్ అను పట్టణము కనబడును. నవంబరు మొదలు వేసవి వరకు అచ్చటి సముద్రము గడ్డకట్టును. ఆ కాలములో ఓడలు రావు. 1925లో రైలు మార్గము నేనానా అను ఊరి సమీపమునుండియే పోవుచుండెను. నేనానానుండి నోమ్‌నకు బాట వెంబడి 674 మైళ్ళు, అనగా సుమారు 1,085 కిలోమీటర్లు. టపా మోయు కుక్కల బండ్లకు ఈ దూరము పోవుటకు సామాన్యముగా 25 దినములు పట్టుచుండెను.

ఆ జనవరిలో నోమ్ పిల్లలలో కంఠసర్పి వ్యాధి కనబడెను. ఈ వ్యాధిలో గొంతులో పొర యేర్పడి ఊపిరాడనీయదు. క్రిముల విషము హృదయమును సైతము దెబ్బతీయును. పట్టణమునకు డాక్టరు కర్టిస్ వెల్చ్ ఒక్కడే. ఆయనవద్ద నున్న ప్రతివిషము గడువు దాటిన పాతది. క్రొత్తదానిని తెప్పింపవలెనని 1924 వేసవిలోనే వ్రాసెను గాని, రేవు మూతపడకముందు అది చేరలేదు. కొందరు బిడ్డలు మరణించిరి. జనవరి 22న వెల్చ్ తంతి ద్వారా సహాయమర్థించెను. ఏడేండ్ల క్రిందట, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా విషజ్వరము ఆ తీరపు ఆదివాసులలో ఎందరినో బలిగొనియుండుటచే, ఈసారి భయము మరింత హెచ్చెను.

ఆ ప్రతివిషమును గూర్చి ఒక మాట. 1890లో బేరింగ్, కితసాటో అను శాస్త్రజ్ఞులు కనుగొనిన మార్గమున దానిని తయారుచేయుచుండిరి. గుఱ్ఱమునకు వ్యాధివిషమును కొద్దికొద్దిగా నెక్కించినచో దాని రక్తములో విరుగుడు పుట్టును. ఆ రక్తరసమునుండి మందు తీయుదురు. కావున ఆ సీసాలలో నున్నది ఒక జంతువు ఇచ్చిన ప్రాణరక్షణ. దానిని మోసికొనిపోవలసినది మరియొక జంతువు.

ఆంకరేజ్ పట్టణపు ఆసుపత్రిలో 3,00,000 యూనిట్ల మందు దొరకెను. అది వ్యాధిని నిర్మూలించుటకు చాలదు గాని, పెద్ద నిల్వ వచ్చువరకు ప్రాణములను నిలుపుటకు చాలును. దానిని విమానమున పంపుదమని కొందరనిరి. కాని అప్పటి విమానములకు సారథి కూర్చుండు చోట కప్పు లేదు. ఇంజనులు నీటితో చల్లబడునవి. అట్టి చలిలో అచ్చట ఎగిరిన అనుభవమును స్వల్పము. గవర్నరు స్కాట్ బోన్ కుక్కల బండ్లనే నమ్మెను. బాటమీద మందు ఆరు దినములకు మించి నిలువకపోవచ్చునని వెల్చ్ అంచనా. ఇరువది యైదు దినముల బాటను ఆరు దినములలో గడుపుట యెట్లు? ఒక్క బండి వలన అది కాదు. అంచెలు కావలెను.

అంచెలు

పూర్వము మన దేశమున టపా పరుగువాండ్రు సంచిని ఒకరి చేతినుండి మరియొకరికి అందించుచు పోయినట్లే, ఆ బాట వెంబడి విశ్రాంతి గుడిసెలలో బండ్లు సిద్ధముగా నిలిచినవి. సారథులలో పెక్కుమంది టపా మోయుటకు అలవాటుపడినవారు. మందు సీసాలను మెత్తని దుప్పటిలో చుట్టి, పెట్టెలో నుంచి, దానిని మరల కప్పిరి. మొత్తము బరువు సుమారు 20 పౌనులు, అనగా తొమ్మిది కిలోలు.

జనవరి 27 రాత్రి సుమారు తొమ్మిది గంటలకు నేనానాలో విలియం షానన్ ఆ కట్టను రైలునుండి అందుకొనెను. చలి సున్నకు దిగువ 50 డిగ్రీల ఫారన్‌హీటు. మన లెక్కలో మైనస్ 46 డిగ్రీల సెల్సియస్. టోలోవానా వరకు 52 మైళ్ళు అతని పాలు. గమ్యము చేరునప్పటికి అతని ముఖము చలికి కాలి నల్లబడెను. అతని కుక్కలలో కొన్ని ఆ శ్రమ ఫలితముగా మరణించినవి. 

తరువాతి అంచెను అందుకొన్న ఎడ్గర్ కాలండ్స్ చేతులు పిడికి అంటుకొనిపోగా, వేడినీరు పోసి విడదీయవలసివచ్చెనని చెప్పుదురు. అట్లు చేతులు మారుచు మందు యూకాన్ నది వెంట పడమటికి సాగెను. గెలీనా సమీపమున నోల్నర్ అన్నదమ్ములిద్దరు వరుసగా రెండు అంచెలు మోసిరి. వారినుండి అందుకొన్న చార్లీ ఎవాన్స్ ప్రయాణించినపుడు చలి మైనస్ 64 డిగ్రీల ఫారన్‌హీటునకు దిగెను. అతని ముందరి కుక్కలు రెండును కూలిపోయినవి. అతడు వానిని బండిలో నెక్కించి, మోకును తన భుజమునకు తగిలించుకొని, మిగిలిన కుక్కలతో కలసి లాగుచు నులాటో చేరెను. టామీ ప్యాట్సీ, జాక్‌స్క్రూ, విక్టర్ అనగిక్, మైల్స్ గొనాంగ్నాన్ మొదలగువారు ఆ వెంటనే ఒకరి తరువాత ఒకరు బేరింగు సముద్రపు ఒడ్డువరకు దానిని తెచ్చిరి.

ప్రతి గుడిసెలోను ఒకే క్రమము. బండి ఆగగానే కట్టను లోనికి తెచ్చి, పొయ్యి దగ్గర కొంతసేపు వెచ్చబెట్టుట, కొత్త బండికి కట్టుట, సాగిపోవుట. ఈ క్రమములో ఒక్కరు తప్పినను మిగిలినవారి శ్రమ యంతయు వ్యర్థము.

సముద్రపు మంచుమీద

నోమ్‌నుండి ఎదురు వచ్చుటకు లియోన్‌హార్డ్ సెప్పాలా అను సారథిని నియమించిరి. అతడు నార్వేలో పుట్టి అలాస్కాకు వలసవచ్చినవాడు. అతని ఎనిమిదేండ్ల కుమార్తెయు వ్యాధి భయమున్న ఆ నోమ్‌లోనే యుండెను. అతని నాయక శునకము పేరు టోగో; అప్పటికి దాని వయస్సు సుమారు 12 ఏండ్లు. కుక్కకు అది వార్ధక్యమే.

సెప్పాలా బయలుదేరిన తరువాత గవర్నరు మరికొన్ని అంచెలను చేర్చెను. ఆ సంగతి అతనికి తెలుపుటకు మార్గము లేకపోయెను. మందు ఇంకను బహుదూరమున నున్నదని అతడు తలచుచుండెను. జనవరి 31న షాక్టూలిక్ సమీపమున హెన్రీ ఇవనాఫ్ బండి కుక్కలు ఒక రెయిండీరును చూచి చిక్కుపడి ఆగియుండగా, సెప్పాలా బండి ప్రక్కనుండి వేగముగా పోవుచుండెను. ఇవనాఫ్ కేక వేసి ఆపెను. ఆ కేక వినబడకున్నచో మందు ఒకదారిని, దానిని తీసికొనవలసినవాడు మరియొక దారిని పోయెడివారు.

అప్పుడు సెప్పాలా యెదుట రెండు మార్గములుండెను. నార్టన్ సౌండు అను సముద్రపు పాయ చుట్టు తిరిగిపోవుట ఒకటి. దానిమీది మంచును అడ్డముగా దాటుట రెండవది. మొదటిది దూరము, రెండవది ప్రమాదకరము, ఏలయన గాలికి ఆ మంచు ఏ క్షణముననైనను బ్రద్దలై సముద్రములోనికి కొట్టుకొనిపోవచ్చును. కాలము విలువ నెరిగి అతడు రెండవదానినే ఎన్నుకొనెను. చీకటిలో, గాలివానలో, టోగో బాట చూపుచుండగా బండి ఆవలి యొడ్డు చేరెను. పిమ్మట కొద్ది గంటలలోనే ఆ మంచు పగిలెను. మందుతో అతడు నడచినది 91 మైళ్ళు. మందుకై ఎదురు వచ్చిన దూరమును కలిపినచో సుమారు 260 మైళ్ళు. ఇతరులు మోసిన అంచెలలో ఏదియు ఇంత దీర్ఘము కాదు.

గొలోవిన్‌లో మందును చార్లీ ఓల్సన్ అందుకొనెను. అతనినుండి గున్నార్ కాసెన్‌నకు చేరెను. కాసెన్ బండికి ముందున్నది బాల్టో. అదియు సెప్పాలా కుక్కల దొడ్డిలో పెరిగినదే. ఆ రాత్రి మంచు తుపాను ఎట్టిదనగా, బండికి దగ్గరగా నున్న కుక్కలు సైతము సారథికి కనబడలేదట. ఒకచోట గాలి బండిని ఎత్తి పడవేయగా, మందు కట్ట మంచులో పడిపోయెను. కాసెన్ చేతి తొడుగులు తీసివేసి, ఒట్టి చేతులతో వెదకి దానిని పట్టుకొనెను. తరువాతి అంచె సారథి నిద్రించుచుండుట చూచి, లేపి కుక్కలను కట్టించుటకు ఆలస్యమగునని తానే ముందునకు సాగెను. 1925 ఫిబ్రవరి 2న తెల్లవారుజామున అయిదున్నర గంటలకు బండి నోమ్ చేరెను. 674 మైళ్ళు 127 గంటలన్నరలో ముగిసినవి. ఒక్క సీసా అయినను పగులలేదు. గడ్డకట్టిన మందును కరగించి, మధ్యాహ్నమునకు డాక్టరు వాడుకకు సిద్ధముచేసెను. అదే నెలలో రెండవ విడత మందును కుక్కల బండ్లే తెచ్చినవి. ఫిబ్రవరి 21న పట్టణముపై రాకపోకల నిర్బంధము తొలగెను.

పని యెవరిది, పేరు ఎవరిది?

పత్రికలవారు నోమ్‌లో చూచినది చివరి బండిని. కనుక ప్రపంచమంతటికి తెలిసిన పేరు బాల్టో. అదే సంవత్సరము డిసెంబరులో న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో దాని కంచు విగ్రహము నెలకొల్పబడెను. అయినను ఆ విగ్రహపు ఫలకము బాల్టో నొక్కదానినే గాక, మందు మోసిన కుక్కలన్నింటి పట్టుదలను కొనియాడుచున్నది. బొమ్మను చూచి పోవువారు పెక్కుమంది. ఫలకమును చదువువారు కొందరే.

టోగో చేసిన పనిని సైతము బాల్టోకు అంటగట్టుట చూచి సెప్పాలా నొచ్చుకొనెను. ఇందు బాల్టో తప్పేమియు లేదు. ఆ కీర్తి దానికి సుఖమును తేలేదు కూడ. కొలదికాలములోనే దానిని, తోటి కుక్కలను అమ్మివేయగా, అవి వినోద ప్రదర్శనశాలలో డబ్బిచ్చి చూచు వస్తువులైనవి. 1927లో క్లీవ్‌లాండు నగర ప్రజలు చందాలు పోగుచేసి వానిని విడిపించిరి. ఆ చందాలలో బడిపిల్లల చిల్లర నాణెములును కలవు. బాల్టో 1933లో మరణించెను. టోగో అంతకుముందే, 1929లో. 2023లో శాస్త్రజ్ఞులు భద్రపరచిన బాల్టో చర్మమునుండి జన్యుపదార్థము తీసి చదివి, నేటి శుద్ధజాతి కుక్కలకంటె దానిలో ఆరోగ్యకరమైన జన్యు వైవిధ్యము హెచ్చుగా నుండెనని తెలిపిరి.

ఇంతకంటె పెద్ద అన్యాయము మరియొకటి. ఆ 674 మైళ్ళలో సగమునకు మించిన దూరము మందును మోసినవారు అలాస్కా ఆదివాసులు: యూకాన్ నదీతీరపు అథబాస్కనులు, సముద్రతీరపు ఇన్యూపియాక్ మొదలగు జాతులవారు. ఆ బాటలు మొదట వారి పూర్వులవే. నది ఎచ్చట గడ్డకట్టదో, గాలి ఏ వేళ మారునో వారి కుటుంబములకు తెలిసిన విద్య. కాని ఆనాటి పత్రికలలో వారి పేర్లు ఒకమూల కనబడిన గొప్ప. వ్యాధి మృతుల లెక్కయు అట్లే. అధికారపు లెక్కలో మరణములు పదికి లోపు. కాని పట్టణమునకు వెలుపల ఆదివాసుల శిబిరములలో మరణించిన బిడ్డలెందరో తనకు తెలియదని, ఆ సంఖ్య హెచ్చుగా నుండవచ్చునని వెల్చ్ భావించెను. లెక్కలో చేరనివారు లేనివారు కారు.

ఆ సారథులందరికి మాతృభాష ఒకటి కాదు. నార్వేనుండి వచ్చినవారు కొందరు, ఆంగ్లము మాటాడువారు కొందరు, అథబాస్కను, ఇన్యూపియాక్ భాషల ఇండ్లలో పెరిగినవారు కొందరు. అయినను కట్ట ఒకరి చేతినుండి మరియొకరి చేతికి సాగిపోయెను. ఇంట తెలుగును, వీధిలో మరియొక భాషను పలుకుచు పెరుగు మన విద్యార్థులకు ఇది వేరుగా వివరింప నక్కరలేదు. భాష వేరైనంత మాత్రమున పని ఆగదు. కాని పని ముగిసిన పిదప చరిత్ర వ్రాయునప్పుడు ఎవరి భాషలో వ్రాసిరో వారి పేర్లే ముందు నిలుచును. అందుచేతనే ప్రతి సమాజమును తనవారి పేర్లను తాను వ్రాసి యుంచుకొనవలెను.

నేటి స్థితి

1960లనుండి మోటారు మంచుబండ్లు వచ్చి, అలాస్కా గ్రామములలో కుక్కల బండ్లను చాలవరకు తొలగించినవి. ఆ విద్య మాసిపోకుండుటకై 1973లో ఇడిటరాడ్ అను పందెము ఆరంభమైనది. ఏటేట సుమారు వేయి మైళ్ళు సాగు ఆ పందెమున మజిలీలలో పశువైద్యులు కుక్కలను పరీక్షింతురు. అయినను కుక్కలచే ఇంత శ్రమ చేయించుట తగునా అను వాదము నేటికిని కలదు. లాగుటయందు హస్కీకి ఉత్సాహమున్న మాట నిజమే. కాని తన అలసటను అది నోటితో చెప్పలేదు కనుక, దానిని తెలిసికొనుట సారథి ధర్మము.

కంఠసర్పి నేడు టీకాతో నివారింపదగిన వ్యాధి. మన దేశమున శైశవమునను, అయిదారేండ్ల వయస్సునను, పిమ్మట పదియవ యేటను, పదునారవ యేటను ప్రభుత్వము ఈ టీకాను ఉచితముగా వేయుచున్నది. బడిలో టీకా వేయు దినమున భయపడి దాగుకొను పిల్లలు, 1925లో ఆ మందు కొరకు ఒక పట్టణమంతయు కిటికీల యొద్ద నిలిచి ఎదురుచూచెనని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

‘సొమ్మొకడిది, సోకొకడిది’ అని మన సామెత. విగ్రహమున్న కుక్కను మనము గౌరవింతము. ఆ గౌరవము తగినదే. కాని షానన్ బండికి కట్టబడి మరణించిన కుక్కలు లేనిచో మొదటి అంచెయే లేదు. ఎవాన్స్ భుజము లేనిచో మధ్య అంచె లేదు. ఇవనాఫ్ కేక లేనిచో టోగో పరుగు లేదు. టోగో లేనిచో బాల్టో చేతికి మందే లేదు. ఇకమీదట ఎవరైన ఈ కథను ఒక్క కుక్క కథగా చెప్పినచో, పటము తెరచి నేనానానుండి నోమ్ వరకు వ్రేలు పెట్టి అంచెలను లెక్కించి చూపుడు.